దుబాయి ప్లగ్గులు, డిస్కస్ చేపలు

మా ఇంట్లో దుబాయి సామాన్లకు కొదవ లేదు. మిక్సీ, ఇస్త్రీ పెట్టె, ఆఖరికి దోమల బ్యాటు కూడా అక్కడిదే. అన్నిటికీ మూడు చదునైన కాళ్లున్న లావుపాటి ప్లగ్గులు. మన గోడ బోర్డుల్లో అవి దూరవు. అందుకే కోరుట్లలో గల్ఫ్ మనిషి ఉన్న ఏ ఇంటికి వెళ్లినా పోపుల డబ్బా ఉన్నట్టే తెల్లటి అడాప్టర్ ముక్కల డబ్బా ఒకటి ఉంటుంది. ఆ ముక్క వెనక రెండే పుల్లలు. ఎర్త్ వైరుకు దారే ఉండదు, కరెంటు లీకైతే నేలలోకి పోదు. ఈ సంగతి మా ఆయనకు తెలియదా అంటే, దుబాయిలో ఏళ్ల తరబడి ఏసీలు బిగించి వచ్చిన మనిషి! అక్కడ ఒక్క వైరు వదులుగా ఉన్నా ఊరుకునేవాడు కాదట. ఇంటికొచ్చేసరికి మాత్రం "మనింట్లనే గదనే" అంటాడు.

పోయినసారి వచ్చినప్పుడు, ఇక మళ్లీ పోనన్నాడు. ఆ మాటకు నా కడుపు నిండిపోయింది. అయితే దానికో మెలిక పెట్టాడు. ఇంట్లోనే రంగు చేపలు పెంచి, పిల్లలు చేయించి అమ్ముతాడట. చలికాలంలో చేపలు బతికి పిల్లలు పెడితే ఇక్కడే ఉంటాడు, లేకపోతే మళ్లీ దుబాయే. అక్కడి పాత మేస్త్రీ వీసా పట్టుకుని ఫోన్ చేస్తూనే ఉన్నాడు. పెళ్లయినప్పటి నుంచి మేమిద్దరం ఒక్క చోట ఉన్నది సెలవుల్లోనే. అందుకని ఆ చేపలు బతకాలని కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాను. చేపల కాన్పు కోసం మొక్కిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను!

ముందుగదిలో ఇనుప స్టాండ్ల మీద అద్దాల తొట్లు వెలిశాయి. వాటిలో పళ్లేల్లా గుండ్రంగా ఉండే డిస్కస్ చేపలు. వాటికి నీళ్లు ఎప్పుడూ గోరువెచ్చగా ఉండాలి. మా దగ్గర చలికాలం పొద్దున బిందెలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. అందుకని ఒక్కో తొట్టిలో మూరెడు పొడుగు హీటరు. అన్నిటినీ దుబాయి నుంచి తెచ్చిన ఒకే కంట్రోలర్ బోర్డుకు గుచ్చాడు. నీళ్లు చల్లబడితే అదే హీటర్లను ఆన్ చేస్తుంది, వెచ్చబడితే అదే ఆపుతుంది. తెలివైన బోర్డే, కాదనను. కానీ హీటర్లన్నీ ఒక్కసారే కరెంటు లాగుతాయి. అంత బరువు మోసే ఆ బోర్డు ప్లగ్గు మాత్రం అడాప్టర్ ముక్కలో, ఆ ముక్క ఫోన్ ఛార్జింగు పెట్టుకునే చిన్న సాకెట్లో!

నాది సిరిసిల్ల. మరమగ్గాలను మేం సాంచాలంటాం. మా ఇంటి వెనక షెడ్డులో సాంచాలు నడిచేవి. మా అమ్మ రోజూ పొయ్యి ముట్టించే ముందు షెడ్డంతా ఒక చుట్టు తిరిగి మోటార్లకూ స్విచ్చు డబ్బాలకూ వెనక చెయ్యి ఆనించి చూసేది. అరచెయ్యి పెడితే కరెంటును పట్టుకుని వదలదని, వెనక చెయ్యి అయితే ఇవతలికి గుంజుకుంటుందని చెప్పేది. నూలు దుమ్ము నిండిన షెడ్డులో ఒక్క ప్లగ్గు కాగి అంటుకుంటే అంతా బుగ్గే. ఆ అలవాటు నాతోపాటు అత్తగారింటికి వచ్చింది. ఫ్రిజ్జుకూ మోటారుకూ వెనక చెయ్యి ఆనించి చూడందే నాకు పొద్దు గడవదు.

చేపల బోర్డు ప్లగ్గుకు కూడా అట్లాగే ఆనించాను. చురుక్కుమంది.

"ఏమయ్యా, గీ ముక్క కాలుతున్నది. ప్లాస్టిక్ వాసన గూడ అస్తున్నది."

"హీటర్లు గదనే, కాలకుంట సల్లగుంటయా?"

"హీటర్లు నీళ్లల్ల ఉన్నయి. గోడెందుకు కాలుతున్నది?"

"సాంచాల డాక్టరమ్మ అచ్చింది, నాడి వట్టి సూస్తున్నది!" అని పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. రేపు మారుస్తానన్నాడు. ఆ రేపు రానే లేదు. ఈలోగా ఒక జంట గుడ్లు పెట్టింది. ఇక ఆ గదిలో ఎవరినీ గట్టిగా నడవనివ్వలేదు, ఏ వైరూ కదపనివ్వలేదు.

మా అత్తమ్మకు కుడి చెయ్యి నొప్పి. వారానికోసారి ఒక్కతే బస్సెక్కి జగిత్యాల పోయి కరెంటు పెట్టించుకుని వచ్చేది. చేతికి బిళ్లలు అంటించి జుమ్ముజుమ్ముమనిపిస్తారు చూడండి, అదే. చేపలకు మేత వేసే పని తీసుకున్నాక జగిత్యాల పోవడం మానేసింది. అడిగితే "తక్కువైంది బిడ్డా" అంది. పోనీలే, మంచిదే కదా అనుకున్నాం.

ఒక మధ్యాహ్నం ముందుగది తడిబట్టతో తుడుస్తున్నాను. అత్తమ్మ పెద్ద తొట్టిలో మణికట్టు దాకా చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని నిలబడి ఉంది.

"ఏంది అత్తమ్మా, చేపలతోటి ముచ్చట వెడుతున్నవా?"

"ఊకో బిడ్డా. జగిత్యాలల పెట్టే కరెంటు గిండ్లనే ఉన్నది. జుమ్ముమంటున్నది."

"చెయ్యి తియ్యి!" అని అరుస్తూ లేచాను. ఉత్త కాళ్లు, తడి నేల. అయినా పాడు అలవాటు ఊరుకుంటుందా, నీళ్లు ఒలికిన ఇనుప స్టాండుకు వెనక చెయ్యి ఆనించాను. ఛెళ్లుమని చెయ్యి విసిరికొట్టింది. భుజం దాకా తిమ్మిరెక్కింది. పరుగున పోయి మెయిన్ స్విచ్చు దించేశాను.

మా ఆయన పెరట్లోంచి వచ్చాడు. "ఏందే, కరెంటు వోయిందా?"

"కరెంటు పోలేదు, మీ అవ్వ పోతుండె!"

సంగతి విని అత్తమ్మ కాళ్ల వైపు చూశాడు. మడమ నొప్పికి ఇంట్లో కూడా వేసుకు తిరిగే రబ్బరు డాక్టర్ చెప్పులు. అవే ఆమెను కాచాయి. అడాప్టర్ ముక్క పీకి చూస్తే ఒక పక్క కాలి ముడుచుకుపోయింది. అది చేతిలో పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"నాతోని గాదు. గీ తొట్లన్ని తీసేస్త. మేస్త్రీకి ఫోన్ జేసి మల్ల పోత."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "పో! దుబాయిల అందరి ఏసీలకు ఎర్త్ పెట్టు, ఇంట్ల మీ అవ్వకు మాత్రం పెట్టకు!"

అత్తమ్మ తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ మెల్లగా అంది. "గందుకే చెప్పలే కొడుకా."

"ఏం చెప్పలే?"

"మొదటి దినమే ఎరుకైంది నాకు. చెప్తె నువ్వు గివన్ని పీకేసి విమానం ఎక్కుతవని ఊకున్న. చెయ్యి నొప్పికి గూడ మంచిగనే ఉండె."

కరెంటు కొడుతున్నా కొడుకు పోతాడని నోరు మూసుకున్న మనిషిని ఏమని తిట్టాలి? ఆయన మొహం చేతుల్లో దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత లేచి, బండి తీసి బజారుకు పోయాడు. ఆయన వచ్చేదాకా తొట్లు చల్లబడకుండా ఇంట్లో ఉన్న బొంతలన్నీ వాటికి చుట్టాను.

దుబాయి ప్లగ్గులన్నీ కోసి పారేశాడు. మెయిన్ నుంచి విడిగా లావు వైరు, ఎర్త్, పెద్ద సాకెట్లు. ఒక్కో హీటరుకు ఒక్కో సాకెట్. కంట్రోలర్‌కు ఇక నీళ్ల వెచ్చదనం చూసి, కొత్తగా పెట్టిన పెద్ద స్విచ్చుకు చెప్పడమే పని, బరువు మోసే పని లేదు. వైర్లన్నీ సాకెట్ కంటే కిందికి వేలాడేలా వదిలాడు, చెమ్మ జారినా కిందే రాలిపోతుంది. కరెంటు పక్కదారి పడితే తనంతట తానే పడిపోయే స్విచ్చు కూడా బిగించాడు. ఆన్ చేయగానే అది ఠక్కున పడిపోయింది. ఒక్కొక్క హీటరే తీసి చూస్తే పెద్ద తొట్టిలోదాని గాజు వెంట్రుకవాసి చిట్లి ఉంది. నీళ్లలోకి కరెంటు దిగింది అక్కణ్నించే. దాన్ని తీశాక స్విచ్చు నిలబడింది.

గుడ్లు దక్కాయి. నలుసులంత పిల్లలు తల్లి ఒంటికి అంటుకుని దాని మీద ఊరే జిగురే తింటూ తిరుగుతుంటే మా ఆయన తొట్టి ముందు నుంచి కదిలేవాడు కాదు. భోజనానికి పిలిస్తే, ముందు సాకెట్లకు వెనక చెయ్యి ఆనించి చూసి మరీ వచ్చేవాడు. నేను నవ్వితే "ఏందే, సిరిసిల్ల అల్లుణ్ని గానా?" అనేవాడు.

మేస్త్రీ మళ్లీ ఫోన్ చేశాడు. "లేదన్నా, నేను రాను" అని పెట్టేశాడు. నేను వంటింట్లోంచే అంజన్నకు దండం పెట్టుకున్నాను.

అత్తమ్మకు మాత్రం కొత్త దిగులు పట్టుకుంది. ఇప్పుడు స్విచ్చులు ఆపి, ప్లగ్గులు పీకితే గానీ నీళ్లలో చెయ్యి పెట్టనివ్వం.

"నీళ్లల్ల ఏం లేదు, సప్పగున్నది. మల్ల చెయ్యి గుంజుతున్నది. ఇగ జగిత్యాల బస్సు ఎక్కాలె ఒక్కదాన్నే" అని సణిగింది.

మా ఆయన బండి తాళాలు అందుకున్నాడు. "ఒక్కదానివెందుకే అవ్వా? నేను లేనా?"

అత్తమ్మ అప్పటికే డాక్టర్ చెప్పులతో వాకిట్లో నిలబడింది.