ఒక్క మెమరీ చిప్ చాలన్న షియూలాన్

ఫాన్ షియూలాన్ బద్ధకస్తురాలు. ఈ మాట ఆమె తండ్రి అన్నాడు, బడిలో పంతులమ్మ అంది, కంపెనీలో పై అధికారి చ్యూ నెలకోసారి అనేవాడు. ఆ ముగ్గురిలో తండ్రికి ఒక్కడికే ఆ బద్ధకం విలువ తెలిసింది, అదీ ఆలస్యంగానే.

తైవాన్‌లోని బెయ్‌పూ ఊళ్లో వాళ్లది మూలికల కొట్టు. గోడ నిండా నూట ఎనభై సొరుగులు. తండ్రి వైద్యులు రాసిన చీటీ చూసి పేర్లు చదువుతుంటే పదకొండేళ్ల షియూలాన్ స్టూలు ఎక్కుతూ దిగుతూ సొరుగులు లాగి తెచ్చేది. లోపలున్నది చారెడు తీయడం చిటికెలో పని. బిగుసుకుపోయిన సొరుగును తెరవడం, మళ్లీ మూయడం, అదీ ప్రాణం తీసే పని. ఒకసారి తెరిచిన సొరుగులోంచే రెండో మూలిక కూడా వస్తే ఎంత బాగుండునని ఆ పిల్ల రోజూ గొణుక్కునేది. తండ్రి పొరుగూరు పెళ్లికి వెళ్లిన రోజున కొట్టంతా కిందికి దింపి, చీటీల్లో ఎప్పుడూ జంటగా వచ్చే మూలికలను ఒకే సొరుగులో అడ్డుపలక పెట్టి సర్దేసింది. అతిమధురం లేని చీటీ ఉండదు కనుక దాన్ని నడుమెత్తులో నాలుగు చోట్ల పెట్టింది. మర్నాడు ఆయన అలవాటు కొద్దీ చూడకుండా చెయ్యి పెడితే, దాల్చినచెక్క రావలసిన చోట ఎండిన కీచురాళ్ల పెంకులు గుప్పెడు వచ్చాయి.

“ఏమే, ఇది కొట్టనుకున్నావా, కోతుల సంతనుకున్నావా?” అని మూడు రోజులు తిట్టాడు. నాలుగో రోజు రద్దీ వేళ పని సగం సమయంలోనే తెమిలిపోవడం చూసి తిట్లు మానేశాడు. మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే నోరు పడిపోతుందని ఆయన భయం కాబోలు.

ఆ పిల్లే పెద్దదై, పట్టా కాని ఐదేళ్ల సాంకేతిక డిప్లొమాతో శించూ నగరంలో తెర మీద బొమ్మలు ఆడించే చిప్‌లు చేసే కంపెనీలో చేరింది. చుట్టూ అందరూ పెద్ద పెద్ద పట్టాలవాళ్లు. అప్పట్లో ఇంటింటా సినిమా డిస్కు ప్లేయర్లు వచ్చిపడుతున్నాయి. డిస్కులో ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచరు. దాస్తే పది నిమిషాల సినిమాకే అది నిండిపోతుంది. “వెనకటి బొమ్మలో ఫలానా మూలనున్న ముక్కను తీసి, కాస్త పక్కకు జరిపి అతికించుకో” అని రాసి చేతులు దులుపుకుంటారు. ఇక ప్లేయర్ గతి చూడండి. పాత బొమ్మలను మెమరీలో దాచుకోవాలి, సెకనుకు లక్షసార్లు వాటిలోంచి ముక్కలు ఏరి తేవాలి. మెమరీ అంటే మరేం కాదు, సొరుగుల గోడే. సొరుగు తెరవడానికే సమయమంతా పోతుంది, తెరిచిన సొరుగులోంచి తీయడం చిటికెలో పని.

మొదటి వారంలోనే షియూలాన్‌కు ఆ సంగతి తెలిసి నవ్వొచ్చింది. తాను ఎక్కడి నుంచి పారిపోయి వచ్చిందో అక్కడికే వచ్చి పడింది.

చ్యూ బృందం బొమ్మను గీతలు గీతలుగా వరసలో దాచేది. పదహారు గీతల ఎత్తున్న ముక్క కావాలంటే పనివాడు గోడంతా ఎక్కి దిగాల్సిందే. అంచేత రెండు మెమరీ చిప్‌లు పెట్టాలని చ్యూ పట్టు. షియూలాన్ బొమ్మను గళ్లుగా కోసి, పక్కపక్క గళ్లు ఒకే సొరుగులో ఉండేలా సర్దింది. ఒక్క చిప్ చాలంది.

“ఇది చిప్ కంపెనీ, మందుల కొట్టు కాదు” అన్నాడు చ్యూ.

“కొట్టయితే ఈపాటికి గిరాకీలు వెళ్లిపోయేవాళ్లు సార్” అంది షియూలాన్.

ఆమె ఇంకో కిటుకు కూడా రాసింది. కొట్టు రద్దీగా ఉన్నప్పుడు తండ్రి నాలుగు చీటీలు పక్కపక్కన పరిచేవాడు. సొరుగు ఒకసారి తెరిచి నలుగురికీ కావలసింది ఒకేసారి తీసేవాడు. మెమరీని అడిగే ముక్కలను కూడా అలాగే నాలుగైదు పోగేసి, సొరుగు వారీగా తెమ్మని ఆమె ఏర్పాటు. దాన్ని చూసి చ్యూ ఒంటికాలి మీద లేచాడు.

“ముందు అడిగినవాడికి ముందు ఇవ్వాలి! వరస తప్పితే ఇంక పద్ధతేముంది? తీసిపారెయ్!”

షియూలాన్ తల ఊపింది. తీసిపారెయ్యలేదు, మూసి ఉంచింది. అయితే ఆ కిటుకు లేకపోతే సమయం చాలదు. అందుకని ఎవరికీ చెప్పకుండా ఒక చిన్న దొంగతనం చేసింది. మెమరీకి మతిమరుపు జబ్బుంది. అందులో దాచింది దానంతటదే చెరిగిపోతూ ఉంటుంది, మళ్లీ మళ్లీ చదివి రాసి గుర్తుచేస్తూ ఉండాలి. ఆ గుర్తుచేసే వేళల్లో సగం ఎగ్గొట్టింది. ఏసీ గదిలో నెల రోజులు ఏ ఇబ్బందీ రాలేదు. తన తెలివికి తనే మురిసిపోయింది.

ప్లేయర్లు తయారుచేసే లియావ్ అనే ఆయన చూడ్డానికి వస్తానని కబురుపెట్టాడు. ఆయన మాట సూటిగా ఉంది. ఒక్క మెమరీతో మచ్చ లేకుండా ఆడితే అదే తీసుకుంటాడు. మచ్చ కనిపిస్తే చ్యూ చెప్పిన రెండు మెమరీలది. చ్యూ ఇంకో మాట కలిపాడు.

“మచ్చ వచ్చిందా, నీ ఆర్నెల్ల పని చెత్తబుట్టలోకి. నువ్వు యంత్రం ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాసే గదిలోకి.”

షియూలాన్ పైకి మాత్రం నవ్వింది. ఆ గదిలోకి వెళ్లినవాళ్లెవరూ మళ్లీ చిప్‌ను ముట్టుకోలేదు.

లియావ్ రావలసిన రోజు పొద్దున, షియూలాన్ అమరిక ఎక్కించిన పరీక్ష బోర్డును అసలు ప్లేయర్ డబ్బాలో బిగించి మూతపెట్టి, చేతికి తొడిగి ఆడించే రంగురంగుల బొమ్మల యుద్ధం డిస్కు వేశారు. పొగ, మెరుపులు, ఎగిరే కాగితం ముక్కలు, అన్నీ ఉన్నాయి. పావుగంట బ్రహ్మాండంగా ఆడింది. తర్వాత సేనాపతి బొమ్మ గడ్డంలో ఒక పచ్చచుక్క మెరిసింది. ఇంకోటి ముక్కు మీద.

చ్యూ గంభీరంగా డబ్బా వంక చూశాడు. దాని మీద ఒకే ఒక్క ఆకుపచ్చ పొట్లం ఉంది. కొబ్బరి రుచి మొక్కజొన్న బొరుగుల పొట్లం అది. దాని పేరుకే ‘బుద్ధిగా ఉండు’ అని అర్థం. శించూలో ఏ యంత్రం మీదైనా అది ఉండాల్సిందే, లేకపోతే యంత్రం మొరాయిస్తుంది. పసుపుపచ్చ పొట్లం పెట్టారో, గడువు తీరింది పెట్టారో, అంతే సంగతులు.

“ఒక్కటి చాల్తుందనుకున్నారా? ఇంత ముఖ్యమైన రోజున!” అని చ్యూ స్వయంగా నాలుగు తెచ్చి పేర్చాడు. చుక్కలు పెరిగాయి. మరో నాలుగు పెట్టించాడు. సేనాపతికి అమ్మవారు పోసినట్టయింది. అప్పుడు పట్టాలవాళ్లందరూ వరసగా నిలబడి తొమ్మిది పొట్లాల మీద తేదీలు చదివారు. ఒకదానికి కిందటి నెలే గడువు తీరిపోయింది.

“దొరికింది!” అని చ్యూ అరిచాడు. “ఎవరు కొన్నారిది? ఎవరికి లేదు బుద్ధి?”

దాన్ని మార్చారు. చుక్కలు మారలేదు. ఇంతలో పన్నెండున్నర అయింది. రివాజు ప్రకారం దీపాలు ఆరిపోయాయి. అందరూ మడతమంచాలు పరుచుకుని, కళ్లకు గుడ్డలు కట్టుకుని మధ్యాహ్నపు కునుకు తీశారు. ఆకాశం విరిగిపడినా శించూలో ఒకటిన్నర దాకా ఎవరూ లేవరు.

షియూలాన్ ఒక్కతే చీకట్లో డబ్బా దగ్గర కూర్చుంది. పొట్లాలు ఎత్తి మూత మీద చెయ్యి వేసింది. ఆవిరి కుడుముల బుట్టలా కాలింది. పొట్లాలు తీసిన రెండు నిమిషాలకు సేనాపతి మొహం కడిగిన ముత్యమైంది.

పప్పులో కాలేసింది ఎవరో ఆమెకు తెలిసిపోయింది. గాలికన్నాలు మూసింది చ్యూ పొట్లాలే. వేడెక్కితే మెమరీకి మతిమరుపు ముదురుతుంది. కాని గుర్తుచేసే వేళలు ఎగ్గొట్టింది మాత్రం తనే. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

తప్పించుకునే దారి తేలిక. పొట్లాలు బల్ల మీద పెడితే సరి. చల్లటి గదిలో మచ్చ రాదు, లియావ్ సంతకం పెట్టి వెళ్లిపోతాడు. ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన ఆమెకు బాగా నచ్చింది కూడా. అంతలో ఏదో అనుమానం వచ్చి కొట్టుకు ఫోన్ చేసి గుసగుసగా అడిగింది.

“నాన్నా, మన ప్లేయర్ మీద ఇప్పుడేముంది?”

“ఏముంటుంది, కమలా తొక్కలు. రెండు పళ్లేలు. భలే ఎండుతున్నాయే! సినిమాల సంగతేమో గాని తొక్కలకు మాత్రం బంగారం లాంటి పెట్టె.”

“గాలికన్నాలు మూసుకుపోవూ?”

“మూసుకుంటేనేగా వేడి నిలిచేది, తెలివితక్కువదానా! పైన గుడ్డ కూడా కప్పాను. ఎందుకలా దొంగలా మాట్లాడుతున్నావు?”

“దొంగనే కాబట్టి” అని ఫోన్ పెట్టేసింది.

ఊళ్లో ప్రతి ఇంటా అంతే. ఒకరు తొక్కలు పెడతారు, ఒకరు పిల్లిని పడుకోబెడతారు. ఆ ఇళ్లలో సేనాపతికి రోజూ అమ్మవారు పోస్తుంది. షియూలాన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎగ్గొట్టిన వేళలన్నీ తిరిగి ఇచ్చేసింది. అలా తరిగిన సమయం రాబట్టడానికి ఒకటే మార్గం ఉంది. చ్యూ తీసిపారెయ్యమన్న నాలుగు చీటీల కిటుకును తెరిచింది. అది ఒక్కసారి కూడా నలుగురి ముందు నడిచింది కాదు. పరీక్ష బోర్డు మీదికి కొత్త అమరిక ఎక్కడానికి నలభై నిమిషాలు పట్టింది. పక్క మంచం మీద చ్యూ నిద్రలో అటు తిరిగి “వరస... వరస...” అని గొణిగితే, తెర వెలుగు ఆయన మీద పడకుండా ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

ఒకటిన్నరకు దీపాలు వెలిగేసరికి తొమ్మిది పొట్లాలూ మూత మీద యథాస్థానంలో ఉన్నాయి.

రెండింటికి లియావ్ వచ్చాడు. పొట్టి మనిషి, పొడి మాటలు. డిస్కు వేశారు. షియూలాన్ మర్యాదగా చెయ్యి చాచింది.

“మీ కోటు ఇలా ఇవ్వండి.” దాన్ని మడిచి పొట్లాల మీద కప్పింది. చ్యూ మొహం పాలిపోయింది.

“అక్కడెందుకమ్మాయ్?” అన్నాడు లియావ్.

“మీ ప్లేయర్ కొన్నవాళ్లు ఇంతకంటే దుర్మార్గంగా చూస్తారండీ. మా నాన్న దాని మీద కమలా తొక్కలు ఎండబెడుతున్నాడు.”

లియావ్ కనుబొమలు ఎత్తి కూర్చున్నాడు. పావుగంట దాటింది. అరగంట దాటింది. పొగలో, మెరుపుల్లో, కాగితం ముక్కల వానలో సేనాపతి మచ్చ లేకుండా తలలు నరుక్కుంటూ పోయాడు. లియావ్‌కు ఆకలేసిందో ఏమో, కోటు కింద చెయ్యి పెట్టి ఒక పొట్లం లాగి, చించి, నోట్లో వేసుకున్నాడు. గదిలో పట్టాలవాళ్లందరికీ ఊపిరి ఆగిపోయింది. ఆడుతున్న యంత్రం మీది పొట్లం తినడం ఈ ఊళ్లో ఎవరూ కని విని ఎరగరు.

“వెచ్చగా భలే ఉన్నాయి” అన్నాడాయన. సేనాపతి యుద్ధం గెలిచాడు.

లియావ్ స్వయంగా మూత విప్పి మెమరీ చిప్‌లు లెక్కపెట్టాడు. ఒకటి. అప్పుడు చ్యూ వైపు తిరిగాడు.

“పొద్దున మచ్చలొచ్చాయట. కింద కాపలా ఆయన చెప్పాడు. ఏం చేస్తే పోయాయి?”

“అంటే... పొట్లం గడువు...” అని చ్యూ నీళ్లు నమిలాడు.

నోరు మూసుకుంటే ఈ గండం గడిచిపోయేది. షియూలాన్‌కు ఆ సంగతి బాగా తెలుసు. కాని ఇన్నాళ్లూ దాచింది ఇక ఒక్క నిమిషం కూడా మోయలేకపోయింది.

“తప్పు నాదండీ. మెమరీకి గుర్తుచేసే వేళలు దొంగిలించాను. మధ్యాహ్నం తిరిగిచ్చేశాను. ఆ సమయం పూడ్చడానికి చ్యూ సార్ వద్దన్న కిటుకు తెరిచాను. సార్ నిద్రపోతున్నప్పుడు.”

చ్యూ గుడ్లప్పగించి చూశాడు. “నన్నడక్కుండా... నిద్రపోతుంటేనా!” అన్నాడు, నిద్రలోనే జేబు కొట్టేసినట్టు.

లియావ్ వేళ్లకంటిన పొడి దులుపుకుని ఒక కాగితం తీసుకున్నాడు. ఆ కిటుకు గీసి చూపమన్నాడు. ఆమె నాలుగు చీటీలు గీసింది, సొరుగు గీసింది. ఆయన ఒక్కో గీత మీదా వేలు పెట్టి చూశాడు.

“ఒక్క మెమరీదే తీసుకుంటాను” అన్నాడు చివరికి. “అయితే వచ్చే ఏడాది ఇందులో సగం మెమరీతో ఆడాలి. చెయ్యగలవా?”

షియూలాన్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆనందమో, ఒళ్లుమంటో ఆమెకే తెలియలేదు. ఇన్నేళ్ల బద్ధకానికి దక్కిన బహుమానం రెట్టింపు పని. చ్యూ వైపు చూసింది. ఆయన కళ్లు నేల మీదున్నాయి.

“చేస్తానండీ” అంది. “కాని ఈసారి దీపాలు వెలుగుతుండగా చేస్తాను.”