బాణాల టీచర్

చిన్నపిల్లల బడిలో ఆమెను అందరూ బాణాల టీచర్ అనేవారు. ఐదారేళ్ల పిల్లలకు కంప్యూటర్ ముట్టుకోకుండానే ప్రోగ్రామింగ్ నేర్పేది. గచ్చు మీద సుద్దతో గళ్లు గీసి, ఒకరిని రోబోగా నిలబెట్టేది. మిగతావాళ్లు బాణం గుర్తున్న అట్టముక్కలు వరసగా పేర్చాలి. రోబో సొంత తెలివి వాడకూడదు, బాణం ఎటు చూపిస్తే అటే నడవాలి.

ఆ వానాకాలంలో ఆమె భర్త ఇల్లు వదిలి మరొకామెతో కాపురం పెట్టాడు. తల్లిని మాత్రం ఇక్కడే ఉంచేశాడు. బంధువులు వచ్చారు, ఆమె ఏడుస్తుందేమోనని కాసేపు కూర్చుని, టీ తాగి లేచారు. ఆమెకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. పళ్ల డాక్టరు మత్తుసూది వేసిన దవడలా ఒళ్లంతా మొద్దుబారింది.

"నన్నెక్కడైనా దింపేసెయ్ అమ్మాయ్. వాడే లేనప్పుడు నేను నీకేమవుతాను?" అంది అత్తగారు.

"రేపటికి కొత్త అట్టలు కావాలి అత్తయ్యా. పాతవి నలిగిపోయాయి."

అత్తగారు కాసేపు ఆమె మొహంలోకి చూసి, కళ్లజోడు, కత్తెర తెచ్చుకుంది.

మర్నాడు రోబో అయిన పిల్ల గిర్రున తిరిగి బీరువాకు గుద్దుకుంది.

"ఇది మొద్దు, టీచర్! కిటికీ దగ్గరికి కదా వెళ్లాలి!" అని అరిచారు పిల్లలు.

"దాన్నేమీ అనకండి. తప్పు ఎక్కడుందో అట్టల్లో వెతకండి."

వెతికితే దొరికింది. ఒక బాణానికి రెండు చివరలా మొనలున్నాయి. పిల్లలు పడీ పడీ నవ్వారు. టీచర్ ఆ పిల్ల నుదుటికి తడిగుడ్డ అద్దింది.

సాయంత్రం ఆ సంగతి చెబితే అత్తగారూ నవ్వింది. "కళ్లు కనబడి చస్తేగా! ఎటు పొమ్మన్నానో పాపం ఆ పిల్లని!" అంటూ నవ్వీ నవ్వీ ఏడ్చేసింది. కొడుకు వెళ్లాక ఏడవడం అదే మొదలు. కోడలు పక్కన కూర్చుని వీపు నిమిరింది. తనకూ వస్తుందేమోనని చూసింది. రాలేదు.

చలికాలంలో అతను తల్లిని తీసుకెళ్తానని వచ్చాడు.

"నేను రాను. నాకిక్కడ పనుంది," అంది అత్తగారు, అట్టలు కత్తిరిస్తూ తలెత్తకుండా.

అతను భార్య వైపు చూశాడు. ఆమె పక్కకు జరిగి దారిచ్చింది. అతను వెళ్లాక తలుపు మూసి, చెప్పుల చప్పుడు వీధిలో కలిసిపోయేదాకా గడియ పట్టుకుని నిలబడింది.

"అన్నం పెట్టనా?" అని లోపల్నించి అడిగింది అత్తగారు.

"పెట్టండి," అంది.