కల్నల్ గారి సీటు మీది తెల్ల తువ్వాలు

కోల్‌కతాకి నది అవతలున్న షాలిమార్ స్టేషన్‌లో, ఫౌజీ డ్రైవరుగా బదిలీ మీద దిగాను. జూలై నెల, ఉదయం ఆరున్నర, వాన. చేతిలో ట్రంకు పెట్టె, నడుములో నొప్పి. పెట్టెనైతే కింద పెట్టగలిగాను.

కోల్‌కతాలో నాకు అప్పగించింది కల్నల్ గారి తెల్ల కారు. వెనక ఆఫీసరుంటే ముందు డ్రైవరు కవాతులోలా బిగుసుకుని సావధాన్‌లో కూర్చోవాలన్నది మా అలవాటు. వీపు సీటుకు తగలకూడదు. అప్పటికే పదకొండేళ్లు ఊరూరా అలాగే నడిపాను. చివరికి నేను వంగితే వెన్నుపూసల చప్పుడుకి గేటు దగ్గర జవాను "ఎవరక్కడ?" అని తుపాకీ ఎత్తేవాడు. ఒట్టు.

మా యూనిట్ బళ్లన్నీ చూసుకునే హవల్దారు నన్ను గమనించాడు.

"శుక్రవారం తొమ్మిదికి కల్నల్ సాబ్‌ని షాలిమార్ గూడ్స్ యార్డుకి తీసుకెళ్లి తీసుకురా. దిగేటప్పుడు మళ్లీ అలా వంగావో, స్టీరింగు మరిచిపో. రేషన్ స్టోర్లో ఉల్లిపాయలు ఏరుకో."

గురువారం సాయంత్రం సెలవడిగి ఖిదిర్‌పూర్ వెళ్లాను. అక్కడ మా మేనమామ ముప్పై ఏళ్లుగా ఓడరేవు డాకుల్లో ట్రైలర్ లారీ నడుపుతున్నాడు. నన్ను తన క్యాబిన్‌లో కూర్చోబెట్టి చూశాడు.

"ఏటల్లుడా, పెళ్లిచూపులకొచ్చినట్టు బిగుసుకుని కూకున్నావేటి?"

"వెనక ఆఫీసరుంటారు మామా."

"ఉంటే? నీ ఎన్నెముక్కూడా ఆయన సొత్తేటి? పిర్రలు ఎనక్కి ఆనించు. క్లచ్చి అడుగుదాకా తొక్కు. అప్పుడు కూడా మోకాలు కూసింత ఒంగే ఉండాల. చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు మీద పడాల, బుజం సీటొదలకూడదు. ఆ జేబులో పర్సు తీసెయ్, గుడ్డుమీద కోడిలాగున్నావు."

తర్వాత తన భుజం మీది తువ్వాలు చుట్టి నా నడుము ఒంపులో దోపాడు.

"అద్దం ఆకర్న సరిచేస్కో, నిటారుగా కూకుని. నువ్వు జారిపోతే అద్దంలో రోడ్డూ జారిపోద్ది. అదే నీ హవల్దారు."

శుక్రవారం ఎనిమిదీ నలభై. సీటు రెండు మెట్లు ముందుకు జరిపాను. మామ ఇచ్చిన తువ్వాలు నడుముకి, అద్దం ఆఖరున. తొమ్మిదికి కల్నల్ గారు ఎక్కారు. ఆఫీసరు ముందు మొదటిసారి వెనక్కి వాలాను.

తీగల వంతెన ఎక్కాం. నొప్పితో నడిపినన్నాళ్లూ నేను చూసింది బానెట్టునే. ఆ రోజు తల ఎత్తితే తీగలు ఆకాశంలోకి పోతున్నాయి. కింద హుగ్లీ చాయ్ రంగులో, ఇంత వెడల్పుగా. నది అంతా అప్పుడే తవ్వి నీళ్లు పోసినట్టు కొత్తగా ఉంది.

కారులోని రేడియోలో కంట్రోల్ రూము పలికింది. "స్థానం?"

"వంతెన మీద."

"స్థితి?"

"సుఖం."

కాసేపు గరగర. "ఆ మాట కోడ్‌లో లేదు. మళ్లీ చెప్పు."

యార్డులో నిటారుగా దిగి తలుపు తీశాను. పని ముగించుకుని వచ్చిన కల్నల్ గారు ఎక్కకుండా నా సీటుకేసి చూశారు.

"ఏమిటది?"

ఉల్లిపాయలు కళ్ల ముందు కదిలాయి. "తువ్వాలు సాబ్. నడుము నొప్పికి."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "ఇంకోటి ఉందా?"

"మీ సీటు మీదే ఉంది సాబ్."

పెద్ద ఆఫీసర్ల సీటు మీద తెల్ల తువ్వాలు పరచడం హోదా. దాన్ని ముట్టుకునే ముందు మేం చేతులు కడుక్కునేవాళ్లం. ఆయన దాన్ని లాగి, తన చేతులతో చుట్టి, నడుము వెనక పెట్టుకున్నారు.

పదకొండూ ఇరవైకి గేటు దాటాం. హవల్దారు నా నడుముకేసి చూశాడు. నేను కొబ్బరిచెట్టులా దిగాను. స్టీరింగు నాకే మిగిలింది.

రెండేళ్లకి ఫౌజు వదిలి ఇంటికి వచ్చేశాను. నా మాటల్లో కాస్త మసాలా ఉంటుందని మీకు తెలుసు. ఒక్కచోట మాత్రం చిటికెడు కూడా కలపలేదు. తిరుగు దారిలో, వంతెన నడిమధ్య, అద్దంలో కనిపించింది: ముప్పై ఏళ్లు సావధాన్‌లో కూర్చున్న మనిషి మెల్లగా వెనక్కి వాలి, కళ్లు మూసుకోవడం. ఆయన తల వెనక, వానలో తడుస్తూ, ఆకాశానికి లేచిపోతున్న తీగలు.