పద్మక్క పాలలో చక్కెర

ఏళ్లుగా దీన్ని మోసి మోసి నాకే విసుగొచ్చింది. ఎవరైనా నన్ను లెక్క తప్పని మనిషి అన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కర్లేదు. వినండి చాలు.

అప్పట్లో కొండాపూర్‌లో ఒక చిన్న ల్యాబ్‌లో పాలు పరీక్షించేవాణ్ణి. మూసాపేటలో పాల కేంద్రం నడిపే పద్మక్క ఒక సీసా తెచ్చింది. ఆమె కూతురికి పాలు పడవు. పాలలో సహజంగా ఉండే చక్కెర, అదే లాక్టోజ్, అరగక కడుపు ఉబ్బుతుంది. అందుకని ఎంజైమ్ చుక్కలు కలిపి ఆ చక్కెరను విరగ్గొట్టడం నేర్చుకుంది. మా రిపోర్టు బాగుంటే ఆ పాలు తీసుకుంటామని రాయదుర్గంలో ఒక ఆఫీసు క్యాంటీన్ వాళ్లు మాటిచ్చారు.

ఎప్పటిలాగే చేశాను. మరుగుతున్న నీలం ద్రావణంలోకి పాల తేటను చుక్క చుక్కగా వదిలాను. నీలం పోయి ఇటుక రంగు తేలింది. లాక్టోజ్ మామూలు పాలకంటే ఏమాత్రం తగ్గలేదని రాసి పంపాను. మోసం పట్టుకున్నావని మా సార్ అందరి ముందూ మెచ్చుకున్నాడు.

మర్నాడు అదే ద్రావణాన్ని గ్లూకోజ్‌తో సరిచూస్తుంటే చేయి ఆగిపోయింది. గ్లూకోజ్‌కీ అదే రంగు. రోజూ చూసేదే. లాక్టోజ్ విరిగితే వచ్చేది గ్లూకోజే కదా? అంటే విరిగిన ముక్కలన్నిటినీ లెక్కపెట్టి, అసలు విరగనే లేదని రాశాను. ఆ పాలకు ఆ పరీక్షే పనికిరాదు. ఇంత చిన్న విషయం ముందు రోజు ఎందుకు తట్టలేదు? సరే, తట్టలేదు. తట్టాక నోరెందుకు విప్పలేదు?

ఆ సాయంత్రమే ఆమె వచ్చింది.

"తమ్మీ, జర ఇంకోసారి చూడరాదు? మా బిడ్డ గీ పాలే తాగుతున్నది. కడుపునొప్పి అంటలేదు. చక్కెరుంటే గట్లెట్లైతది?"

పొద్దుటినుంచీ ఫోన్లు చేసి ప్రాణం తీస్తోందని చిరాకుపడ్డాను. ఆ చిరాకు ఆమె మీద కాదని అప్పుడే తెలుసు.

"పరీక్ష పద్ధతిగానే చేశాం. మీ పాలలో చక్కెర ఉంది."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు, గ్లూకోజూ చక్కెరేగా. ఆ తెలివి తలుచుకుంటేనే రోత.

"అయితే నేనే ఏదో తప్పు చేసిన్నేమో" అని సీసా పట్టుకుని వెళ్లిపోయింది.

క్యాంటీన్ వాళ్లు ఆమెను మోసగత్తె అన్నారు. తర్వాత ఒక పెద్ద డెయిరీ వాళ్లు లాక్టోజ్ విరగ్గొట్టిన పాలు అదే క్యాంటీన్ కోసం మా దగ్గరికి వచ్చాయి. వాటికి మాత్రం, ఎవరూ చెప్పకుండానే, లాక్టోజ్‌ను విడిగా కొలిచే పరీక్ష చేశాను. పాసయ్యాయి.

ఒకసారి చెబుదామనే మూసాపేట వెళ్లాను. మామూలు పాలే అమ్ముతోంది. నన్ను గుర్తుపట్టలేదు. ఎన్ని ప్యాకెట్లని అడిగింది. రెండు కొనుక్కుని వచ్చేశాను. ఇదీ నా ధైర్యం. నా రిపోర్టు నమ్మి బిడ్డకు కూడా ఆ పాలు మాన్పించిందా? అదైనా అడిగానా?

క్షమించమనను, అది మీ చేతిలోది కాదు. ఆమె పాలు బాగున్నాయి. తప్పు నాది. ఇంత రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. దానికీ నా మీద నాకు చిరాకే.