తవిటమ్మ కట్టిన గుడ్డలు

మా పెద్దమ్మ తవిటమ్మకి పూల మీద ఆశ ఎక్కువ అని నోరు పారేసుకున్నవాళ్లని నేను ఈరోజుకీ క్షమించలేదు. ఆవిడ పొదలకి గుడ్డలు ఎందుకు కడుతోందో తెలిసే అన్నారు. తెలియక అని ఉంటే పోనీలే అనుకునేదాన్ని.

మా ఊరు ఒడిశాలో, బరంపురం వైపు రామయ్యపట్నానికి కాస్త లోపలగా, ఇసుక నేలల్లో ఉంటుంది. అక్కడ పొలం గట్లకి కంచె అంటే మొగలి పొదలే. పక్క వీధి ఒడియావాళ్లు కియా అంటారు. వానలు పడగానే పూలు మొదలవుతాయి. వెలుగు వస్తూండగానే కోసి, అత్తరు బట్టీవాడి సైకిలు వచ్చేసరికి రోడ్డు మీదకి చేర్చాలి. ఎండెక్కితే వాసన పోతుంది, వాసన పోయిన పువ్వుని బట్టీవాడు ముట్టుకోడు. అత్తరు పూసుకుని పెళ్లిళ్లకి వెళ్లేవాళ్లకి ఈ బాధ ఏం తెలుస్తుంది! మొగలాకుకి అంచుల పొడవునా ముళ్లే. ముళ్లని ఎలాగో తప్పించుకోవచ్చు. కందిరీగలతోనే అసలు భయం. ఆకుల మడతల్లో, చెయ్యి పెట్టేదాకా కనపడని చోట గూడు పెడతాయి.

పోనీ గూడు కాల్చేద్దామా అంటే కుదరదు. పొద అడుగున ఎండాకు గుట్టలుగా పడి ఉంటుంది. నిప్పురవ్వ పడిందంటే గట్టుకి గట్టే అంటుకుపోతుంది. అందుకని మావాళ్లకి ఒక పద్ధతి ఉంది. గూడు చూసినవాళ్లు ఒంటిమీది బట్టలోంచి ఒక పీలిక చింపి ఆ పొదకి కట్టాలి. గుడ్డ ఉన్న పొద జోలికి ఎవరూ పోరు. గూడు ఖాళీ అయిందని చూసుకున్నాక కట్టినవాళ్లే దాన్ని విప్పాలి, ఇంకొకరు విప్పకూడదు. ఇది ఎవరో పంచాయితీ పెట్టి చెప్పిన మాట కాదు. నడక నేర్చుకున్నట్టే ఇదీ నేర్చుకున్నాం.

మా పెదనాన్న సూరయ్య పూలు కోస్తే చూడాల్సిందే. దోటి కొక్కేన్ని పువ్వు మొదట్లో తగిలించి, ఒక్క గుంజు గుంజితే పువ్వు ఆయన చేతిలోకే వచ్చి పడేది. బట్టీకి పోయే పూలలోంచి ఒకటి మాత్రం దాచేవాడు. దాని రేకులు మడిచి మా పెద్దమ్మ జడలో ఆయనే పెట్టేవాడు. పిల్లాజెల్లా లేని ఆ ఇద్దరి సరసాలూ చూసి మా అమ్మ మంగమ్మ మూతి తిప్పుకునేది, లోపల మురిసిపోయేది. పెద్దమ్మకి మా అమ్మ ఒక్కతే చెల్లెలు. మా రెండిళ్లకీ మధ్య గోడ ఒకటే.

నేను పదో తరగతి చదివే ఏడాది, వానాకాలంలో, పెదనాన్నని కందిరీగలు కుట్టాయి. గట్టిగా నాలుగైదు కుట్టాయేమో. మిగతావాళ్లకైతే బూరెల్లా వాచి, సున్నం రాసుకుంటే తగ్గిపోయేది. ఆయనకి గొంతు మూసుకుపోయింది, ఒళ్లంతా దద్దుర్లు తేలాయి, రోడ్డు దాకా వచ్చి పడిపోయాడు. చేపల లారీ ఎక్కించి బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. బతికాడు. పంపించేటప్పుడు డాక్టరు ఒడియాలో పెద్దమ్మకి గట్టిగా చెప్పాడట, ఈయన ఒంటికి ఇది పడదు, ఇంకోసారి కుడితే ఇంత దూరం తీసుకొచ్చేదాకా ఆగదు అని.

ఆరోజు నుంచీ దోటి పెద్దమ్మ చేతిలోకి వచ్చింది. పెదనాన్న వాకిట్లో కూర్చుని కొబ్బరి పీచుతో తాళ్లు పేనేవాడు. ఆయనకది పెద్ద నామోషీ.

"పెళ్లాం ముళ్లల్లో తిరగతంటే నాను నీడపట్టున కూకోవాలా?" అనేవాడు.

"కూకో మావా. నువ్వు కూకుంటేనే నాను తిరగ్గల్ను," అనేది ఆవిడ.

కూర్చోడని ఆవిడకి తెలుసు. ఆవిడ నిద్ర లేవకముందే ఒకసారి దోటి పట్టుకుని గడప దాటుతూ దొరికిపోయాడు. అప్పుడు పెద్దమ్మ ఓ పని చేసింది. పాత ముద్దపసుపు చీర అంచు పీలికలుగా చింపి, మా ఇళ్ల వెనక గట్టున ఉన్న పొదలన్నిటికీ కట్టేసింది. గూడు ఉన్న పొదకీ కట్టింది, లేని పొదకీ కట్టింది. గుడ్డ ఉంటే ఆయన ముట్టుకోడని నమ్మకం. చిన్నప్పటి నుంచీ ఉన్న పద్ధతి కదా, దాన్ని ఆయన దాటడనుకుంది.

ఆవిడ మాత్రం ఏ పొదలో గూడు ఉందో మనసులో గుర్తుపెట్టుకుని కోసుకునేది. అది చూసి ఊరు ఊరుకుంటుందా? మంచి పూలు మిగుల్చుకోవడానికే తప్పుడు గుడ్డలు కడుతోందన్నారు. కొండబాబు అని, మాతో పాటు పూలు కోసేవాడు, పెద్దమ్మని అక్క వరసన అప్పా అని పిలిచేవాడు, మొహం మీదే అడిగేశాడు.

"అప్పా, పూలన్నీ నువ్వే కోసేసుకుంటావేటి? ఏది నిజిమో ఏది అబద్దమో మాకెలాగ తెలస్తాది?"

"మీకు తెలవక్కర్నేదురా. ఆ మడిసి ఎల్లకపోతే సాలు," అంది.

పెదనాన్నకీ ఈ సంగతి తెలిసిపోయింది. తెలిసి నవ్వాడు. "మీ పెద్దమ్మ సూడే, నా కోసరం సీర సింపేసి గట్టు మొత్తానికీ బట్టలు కట్టేసింది," అని నాతో అన్నాడు. ఆ నవ్వులో ఎంత గర్వం ఉందో! అంత ప్రేమని ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా కనపడ్డాడు నాకు.

శ్రావణమాసంలో పెద్దమ్మకి జ్వరం తగిలింది. దుప్పటి కప్పుకుని మూలుగుతోంది. గట్టు మీద పూలు కోతకి వచ్చి ఉన్నాయి, ఆ పొద్దు కోయకపోతే పాడైపోతాయి. మా అమ్మ గంజి కాచి తీసుకెళ్లేసరికి మంచం పక్కన పెదనాన్న లేడు, గోడకి దోటి లేదు.

కొండబాబుకి ఆయన గట్టు కింద పడిపోయి కనపడ్డాడు. పక్కన కోసిన పూలు పేర్చి ఉన్నాయి. ఒక పువ్వు విడిగా, జాగ్రత్తగా, తడి ఆకులో చుట్టి ఉంది. నులకమంచం మీద వేసుకుని రోడ్డు దాకా పరిగెత్తారు. ఇంకా లారీ రాలేదు. వచ్చినా దాంతో పని లేకుండా పోయింది.

స్నానం చేయించేటప్పుడు ఆయన మొలలో పసుపు పీలికలు దొరికాయి. విప్పినవి విప్పినట్టే పారేయకుండా, సాపుగా మడిచి దోపుకున్నాడు. ఏం జరిగిందో అందరికీ అర్థమైంది. మొదటి పొద గుడ్డ విప్పాడు, లోపల ఏమీ లేదు. రెండోదాని గుడ్డా విప్పాడు, దాంట్లోనూ ఏమీ లేదు. పెళ్లాం కట్టిన గుడ్డ మొగుడు విప్పితే తప్పేముందనుకుని ఉంటాడు. ఇంటికెళ్లి ఆవిడ ముందు పడేసి ఏడిపిద్దామనుకుని ఉంటాడు. అలా నవ్వుకుంటూనే గూడు ఉన్న పొద దగ్గరికి వచ్చాడు. ఆ పొద గుడ్డ ఆయన గుప్పిట్లో ఉంది.

కొండబాబు ఆ పీలికలు మా అమ్మ చేతిలో పెట్టాడు. "అప్పకి తెలనివ్వకు మంగమ్మా," అన్నాడు. ఏది నిజమో ఏది అబద్ధమో ఎలా తెలుస్తుందని అడిగింది వాడే. స్నానానికి నీళ్లు పోసే చెంబు ఎత్తలేక ఏడ్చాడు. మా అమ్మ వాటిని బియ్యం డబ్బా అడుగున పెట్టింది. ఊరంతా, నోరు పారేసుకున్నవాళ్లతో సహా, ఆ ఒక్క విషయంలో నోరు మూసుకుంది.

పెదకర్మ అయిన మర్నాడు పెద్దమ్మ ఒక్కతే గట్టు మీదకి వెళ్లింది. నేను వెనకాలే వెళ్లాను. ఒక్కొక్క పొద దగ్గరా ఆగింది. గుడ్డ ఉన్న పొదలు చూసింది. గుడ్డ లేని పొదలు చూసింది. వెనక్కి వచ్చి మా వాకిట్లో నిలబడింది.

"మంగా, నా గుడ్డలేవే?" అంది.

అబద్ధం చెప్పడం మా అమ్మకి చేతకాదు. డబ్బాలోంచి తీసి ఇచ్చింది. పెద్దమ్మ వాటిని ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటీ విప్పి చూసింది.

"ఈటిల్లో నేవే మంగా. ఈ పొదల్లో ఏటీ నేవు. ఆ ఒక్కదాన్లోనే ఉన్నాయి. అన్నిటికీ కట్టకపోతే ఆగీవోడే, మంగా. ఆ ఒక్కదానికే కట్టుంటే ఆగీవోడు."

మా అమ్మ తలరాత అంది. ఆవిడ ఒప్పుకోలేదు. వీధిలోవాళ్లంతా వచ్చి అదే మాట అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆయన బతకాలని కట్టిన గుడ్డ ఆయన్ని చంపిందంటే ఏ తలరాత అని సరిపెట్టుకోవాలి? ఆవిడ మిగిలిన గుడ్డలన్నీ విప్పేసి వచ్చింది. మళ్లీ ఎన్నడూ ఏ పొదకీ కట్టలేదు.

పెళ్లయ్యాక నేను బరంపురం పక్కన అంకులిలో కాపురం పెట్టాను. చాలా ఏళ్లకి, మా అమ్మ కూడా పోయాక, పెద్దమ్మని నా దగ్గరికి తెచ్చుకుందామని వానాకాలంలో ఊరు వెళ్లాను. ఇంట్లో లేదు. గట్టు మీద ఉందన్నారు. పూలు కోసే శక్తి ఎప్పుడో పోయింది కదా, అక్కడేం పని అనుకుంటూ వెళ్లాను.

సన్నగా తుంపర పడుతోంది. తల మీద గోనెసంచి కప్పుకుని ఓ పొద పక్కన నిలబడి ఉంది. దాని లోపల గూడు ఉంది. పూలకి వచ్చినవాళ్లందరికీ నోటితో చెప్పి పంపిస్తోంది. ఏటా ఇదే పనట. గూడు కనపడితే చాలు, ఆ పొద్దు కోతలయ్యేదాకా అక్కడే నిలబడుతుందట.

"తడిసిపోతున్నావు పెద్దమ్మా. ఓ గుడ్డ కట్టేసి రాకూడదా," అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను.

ఆవిడ కోప్పడలేదు. "ఉండే తల్లీ, కొండబాబు రానేదు ఇంకా," అంది.

కాసేపటికి కొండబాబు వచ్చాడు. జుట్టంతా నెరిసిపోయింది, దోటి ఆనించుకుని నడుస్తున్నాడు. పెద్దమ్మ ఎదురెళ్లి వాడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"ఇందులో ఉన్నాయిరా కొండా. అబద్దం కాదు. నిజింగానే ఉన్నాయిరా," అంది.

"నమ్మినానప్పా," అన్నాడు వాడు. "నమ్మినాను. ఎల్లనులే."

అప్పుడు గాని ఆవిడ వాడి చెయ్యి వదల్లేదు.