వేరుపడినా కాలవ ఒకటే

మాది వరంగల్. కిందటేడు విజయవాడ నుంచి బందరు వెళ్తుంటే బస్సులో నా పక్కన నోరా అనే ఐరిష్ ఆవిడ కూర్చుంది. కంకిపాడు దాటాక ఆమె ఫోన్ చూసుకుని ఒక్క కేక వేసింది. బస్సులో వాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. ఆమె కళ్ళ నిండా నీళ్ళు, ముఖం నిండా నవ్వు.

ఏమైందని అడిగితే నాకు చెప్పింది. ఐర్లండ్‌కీ, బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్‌కీ మధ్య సరిహద్దులో ఒకప్పుడు ఒకరినొకరు చంపుకున్న రెండు వర్గాల పిల్లల్ని ఒకచోట చేర్చి ఆడించే కేంద్రం ఆమెది. అది ఐరోపా దేశాల కూటమి (యూరోపియన్ యూనియన్) శాంతి కోసం ఇచ్చే నిధితో నడిచేది. బ్రిటన్ కూటమి నుంచి బయటికి వెళ్ళిపోయాక ఇక తలుపులు మూసుకోవాల్సిందేనని ఆమె భయపడింది. కానీ ఆ నిధిని బ్రిటన్, ఐర్లండ్, కూటమి కలిసి కొనసాగిస్తున్నాయి. అందులోంచి తన కేంద్రానికి మళ్ళీ సాయం మంజూరైందని అప్పుడే కబురొచ్చింది.

ముందు సీట్లో ఉన్న ఉయ్యూరు రైతు రత్తమ్మగారు "ఏమైందండీ?" అని అడిగితే ఇదంతా తెలుగులో చెప్పాను. "విడిపోయాక కూడా కలిసి ఇస్తారని ఈమె అనుకోలేదటండీ" అన్నాను.

రత్తమ్మగారు నవ్వేశారు. "అందులో వింతేముందండీ? మా ఆయనా, మా మరిదీ వేరుపడి ఇరవై ఏళ్ళయింది. అయినా పంటకాలవలో పూడిక ఏటా కలిసే తీయిస్తారు. నీళ్ళు ఇద్దరి చేలకీ రావాలి కదా!"

ఆ మాట ఇంగ్లీషులో చెబితే నోరా రెండోసారి చెప్పించుకుని, అక్కడి తనవాళ్ళకి మెసేజ్ పెట్టింది.

ఉయ్యూరులో రత్తమ్మగారు లేచి నోరా చెయ్యి పట్టుకున్నారు. "ఇంత మంచి కబురు విని, అన్నం పెట్టకుండా పంపిస్తానా? మీరూ రండి బాబూ."

మా టికెట్లు బందరు దాకా ఉన్నాయి. ఇద్దరం దిగిపోయాం.