సింహాచలం మావయ్య కుడికన్ను

కంటి ఫొటో యంత్రానికి గడ్డం ఆనించే పట్టీని స్పిరిట్ దూదితో తుడిచినప్పుడు వచ్చే ఘాటు వాసన నా ముక్కుకు ఏళ్ళ నాటి అలవాటు. కంటి లోపలి పొరలను విడివిడిగా చూపించే ఫొటోలు తీయడం నా ఉద్యోగం. అయినా ఆ వాసన తగిలితే చాలు, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మా పక్కింటి సింహాచలం మావయ్య గుర్తుకొస్తాడు, వెనకే కోపమూ వస్తుంది. ఆ కోపంలో కొంత నా మీద నాకే.

మావయ్య రైలు పట్టాలు సరిచేసే గ్యాంగ్‌కు పెద్ద, మేట్ అంటారు. పట్టా వంకర పోయిందా లేదా చూడాలంటే కంకర మీద బోర్లా పడుకుని, కుడికన్ను పట్టా వారగా పెట్టి దూరానికి చూసేవాడు. చేత్తో ఇటు, అటు అని సైగ చేస్తే పదిమంది గడ్డపారలు వేసి పట్టాను జరిపేవారు. మేట్ చెప్పాక అడ్డుచెప్పేవాడు ఉండడు. ఎడమకన్ను ఎప్పుడో రాయి ఎగిరి తగిలి మసకబారింది. ఆయన పనంతా ఆ కుడికంటి మీదే నడిచేది.

రెండు వేల ఎనిమిదిలో ఆ కంటి లోపలి పొర, రెటీనా, ఊడింది. ఆపరేషన్ చేసి అతికించారు. కొన్నాళ్ళకు రైల్వే డాక్టరు అక్షరాల చార్టు చదివిస్తే మావయ్య కింది వరుస దాకా చదివాడు. డాక్టరు ఫిట్ అని రాసేశాడు.

"అచ్చరాలు అవుపడతన్నాయి బాబూ. గీతలే ఒంకరగా ఉన్నాయి. తలుపు కూడా మజ్జలో వొంగినట్టుంది" అన్నాడట మావయ్య.

"అచ్ఛా, డ్యూటీ ఎగ్గొట్టడానికి కొత్త జబ్బు కనిపెట్టావే" అని డాక్టరు హిందీలో వేళాకోళం చేశాడట.

అప్పుడు నేను ఊళ్ళోని ఒక కంటి ఆసుపత్రిలో పని నేర్చుకుంటున్నాను. మావయ్య నాకూ ఇదే చెప్పాడు. "చార్టంతా సదివీసినావు కదా మావయ్యా, అలవాటైపోద్దిలే" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

డ్యూటీలో చేరిన మూడో రోజు, కర్గీ రోడ్ వైపు లైను మీద, మావయ్య చూసి సైగ చేశాడు, గ్యాంగ్ పట్టాను జరిపింది. లేచాక ఆయనకు మనసు ఒప్పలేదు. తాడు లాగి పట్టించి చూస్తే, తిన్నగా ఉన్న పట్టాను తానే వంకర చేయించానని తెలిసింది. తనే ఎర్రజెండా పట్టుకుని పరుగెత్తి గూడ్సు బండిని ఆపాడు. పట్టా సరిచేయించాడు, జరిగింది ఉన్నదున్నట్టు పైవాళ్ళకు చెప్పాడు. నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. గోరుచుట్టు మీద రోకలిపోటులా, నిజం చెప్పిన మనిషికి నిర్లక్ష్యమని చార్జిషీటు ఇచ్చారు. ఫిట్ అని రాసిన చేతిని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

అదే రోజుల్లో మా ఆసుపత్రికి కొత్త ఫొటో యంత్రం వచ్చింది. రెటీనా అతికించాక కూడా కొందరికి చూపు ఎందుకు కుదుటపడదో తెలుసుకోవాలని మా పెద్ద డాక్టరు అలాంటివాళ్ళందరికీ ఫొటోలు తీయిస్తున్నారు. సిగ్గుపడుతూనే మావయ్యను తీసుకెళ్ళాను. పొర అతుక్కుంది గానీ, చూపు నిలిచే నట్టనడుమ సన్నటి ముడత ఉండిపోయింది; గీతలు వంకరగా కనబడేది అందుకే. ఆ ఫొటో రైల్వే పై అధికారుల బల్ల మీదకు వెళ్ళింది. అన్నాళ్ళూ మనిషి నోటిమాటను నమ్మని పెద్దలు ఒక్క కాగితాన్ని టీ తాగినంతసేపట్లో నమ్మేశారు. చార్జిషీటు వెనక్కి తీసుకుని, మావయ్యకు స్టోర్‌లో పని ఇచ్చారు.

ఆ కబురు మోసుకుని పరుగున వెళ్ళాను. మావయ్య సంతోషపడలేదు.

"ముప్పై ఏళ్ళు నాను పట్టా తిన్నగుందంటే దాని మీద రైళ్ళు నడిపినారు. నా కన్ను బాగోనేదని నాను సెప్తే ఫొటో కావల్సొచ్చిందేటి? నువ్వూ నమ్మనేదు కదే గుంటా."

మావయ్య గొంతు పెంచకుండానే అన్నాడు.

అప్పటి నుంచి, ఫొటో తీయకముందే ఎదుటి మనిషిని మీకెలా కనబడుతోందని అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకుంటున్నాను. మొన్న ఒక ముసలమ్మ కంటి ఫొటో, నేను రాసుకున్న ఆవిడ మాటలు చూసి ఒక కుర్ర డాక్టరు, "ఫొటో శుభ్రంగా ఉంది కదా, ఆ ముసలమ్మ చెప్పింది కొట్టేయండి" అన్నాడు. నా పెన్ను ఆయన చేతికిచ్చి, "ఆవిడ అబద్ధం చెబుతోందని మీరే రాసి సంతకం పెట్టండి" అన్నాను. ఆయన రాయలేదు.